చీకటి సినిమాలో పెళ్లికొడుకును చూడబోయాను

ఆ సినిమా ఎట్లా ఉందని నన్నడిగితే చీకటిగా ఉందని తప్ప నాకేం తెలియదు. కథ మాత్రం అడగొద్దు. టికెట్ చింపించుకొని లోపల కూర్చున్నది నిజమే, ఆట అయిపోయేదాకా లేవనిదీ నిజమే. కానీ నేను పోయింది తెర మీది మనిషి కోసం కాదు. మా బిడ్డను చేసుకుంటామని వచ్చిన పిల్లవాడు ఎటువంటివాడో చూడడానికి పోయాను.

పెళ్లిచూపులు మీ ఇంట్లోనే కదా జరిగింది, అప్పుడు చూడలేదా అంటుంది ఇది రాస్తున్న పక్కింటి అమ్మాయి. నాకు సంతకం పెట్టేటంత వరకే అక్షరం వచ్చు, అందుకే నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. చూడలేదమ్మా. మొగుడు పోయిన ఆడది అటువంటి పొద్దు ముందుకు రాకూడదని మావాళ్ల లెక్క. ఎవరూ నోరు తెరిచి అనలేదు. మా బావ, అంటే మా ఆయన అన్న, కుర్చీలు వేయించి, "నువ్వు జర లోపలుండి చాయ్ సంగతి చూడు" అన్నాడు. అంతే, నేను వంటింట్లో ఉండిపోయాను. తలుపు సందులోంచి నాకు కనబడ్డదల్లా ఒక మోచెయ్యి. నీలం చొక్కా, మడిచిన చెయ్యి, దాని కింద ఒక మోచెయ్యి. మోచేతిని చూసి ఎవరైనా బిడ్డనిస్తారా?

పిల్లవాడిది నస్రుల్లాబాద్. కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మా బిడ్డ ఇక్కడే బాన్సువాడలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. అంతకుముందు వచ్చినవాళ్లు పెళ్లయినాక పని మానెయ్యాలన్నారు. బిడ్డ అప్పటికప్పుడే లేచి లోపలికి వచ్చేసింది. ఈ పిల్లవాడు అట్లాంటిదేమీ అనలేదట. 'అట' అనే చెప్పాలి, నా చెవితో విన్నది కాదు గదా. వాళ్లు పోయినాక బిడ్డను అడిగాను.

"ఎట్లున్నడే పిలగాడు?"

"ఏమో అమ్మా. గంతమంది నడుమ తలకాయ వంచుకొని కూసుంటే ఏం తెలుస్తది?"

"మరి పెదనాన్నకు ఏం చెప్పాలె? వాళ్లు మాట అడుగుతుండ్రు."

"ఆగమను. మల్లొక్కసారి చూసి చెప్త."

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన ఉంటే ఊరికి పోయి, చాయ్ బండి దగ్గర కూర్చొని, పిల్లవాడి సంగతంతా తెలుసుకొని వచ్చేవాడు. నేనెక్కడికని పోతాను? ఇంతలో పిల్లవాడి తల్లే ఫోన్ చేసింది.

"వదినా, మావాడు సినిమాకు పోదామంటుండు. ఇద్దర్నే పంపుడు మంచిగుండదు. మనం సుత వాళ్ల ఎంబడి పోదాం."

సినిమాహాల్లో ఎవరు ముందుండాలో ఎవరు లోపలుండాలో చెప్పే బావలుండరు. సరేనన్నాను.

ఏం సినిమా అంటే ముసుగు హీరోది అంది బిడ్డ. అది విని నాకు ధైర్యం వచ్చింది. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న మా ఇద్దరినీ ఇదే హాలుకు తెచ్చి ఆ ముసుగువాణ్ణి చూపించాడు. ఎక్కడిదో దేశం సినిమా, మాటలు మాత్రం తెలుగువి. ఎర్రగా పచ్చగా తెరంతా వెలుగు. వాడు ఆకాశంలో ఎగిరేవాడు, రైలును చేత్తో ఆపేవాడు, ఆపి మనవైపు తిరిగి నవ్వేవాడు. ఆ వెలుగులో పక్కమనిషి మూతి మీద చెమట కూడా కనబడేది. మనిషి సినిమా చూసేటప్పుడు మొహాన్ని కాపాడుకోవడం మరిచిపోతాడు. నవ్వాల్సినచోట నవ్వుతాడు, ఇంకొకడికి దెబ్బ తగిలితే నవ్వేవాడెవడో కూడా అక్కడే బయటపడతాడు. ఇంకేం కావాలి, ఈ పిల్లవాణ్ణి మొత్తం చూసుకోవచ్చు అనుకున్నాను. అక్కడే మోసపోయాను.

పిల్లవాడు తల్లిని బండి మీద ఎక్కించుకొని వచ్చేసరికి ఆట వేళయింది. హెల్మెట్, దాని కింద దుమ్ముకని మొహానికి కట్టుకున్న దస్తీ. ఆ దస్తీతోనే నాకు దండం పెట్టి టికెట్లకు ఉరికాడు. అది విప్పేసరికి హాల్లో లైట్లు ఆర్పేశారు. ఈ చివర నేను, నా పక్కన బిడ్డ, ఆమె పక్కన పిల్లవాడు, ఆ చివర వాళ్లమ్మ.

సినిమా మొదలైంది. వాన. చీకట్లో వాన. ఎవరో నడుస్తున్నారు, బూట్ల చప్పుడు తప్ప మనిషి లేడు. ముందు వరుసల్లో పిల్లగాళ్లు కాగితాలు చింపి ఒళ్లో పెట్టుకొని ఉన్నారు, హీరో రాగానే ఎగరెయ్యడానికి. హీరో వచ్చాడు. వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

"అరే, గాయ్నేనా?"

"కాదురా భయ్, గాడు పోలీసోడు."

"మరి మనోడేడి?"

"ఆపరేటర్ సాబ్! బల్బు మార్చుండ్రి!"

హాలంతా నవ్వింది. వెనక నుంచి ఒక రైతు, "గిన్ని వానలు మనకు పడితే నిజాంసాగర్ ఎప్పుడో నిండుతుండె" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు గుర్తొచ్చింది, పిల్లవాడు నవ్వాడా లేదా? మెడ సాచి చూశాను. నల్లగా ఒక తల ఆకారం ఉంది, అంతే.

ఈ ముసుగువాడు ఎగరడు. రైలును ఆపడు. ఎవరో చచ్చిపోయిన ఇంటికి పోతాడు, తలుపుకున్న తాళాన్ని టార్చీ వేసి చూస్తాడు. ఇంకొక ఇంటికి పోతాడు, అక్కడా తాళం చూస్తాడు. తాళాలు బాగుచేసేవాడా వీడు, హీరోనా? పాట లేదు. పిల్లగాళ్ల ఒళ్లో కాగితాలు అట్లాగే ఉన్నాయి. వెలుగంటూ ఉందంటే అది మెరుపు మెరిసినప్పుడే. నేను మెరుపు కోసం కాచుకొని కూర్చున్నాను. ఒక మెరుపులో పిల్లవాడి మూతి కింద గదవ కనబడ్డది. ఇంకొక మెరుపులో చెయ్యి, అందులో తినకుండా పట్టుకున్న సమోసా. మరొకసారి బిడ్డ నోరు తెరుచుకొని ఉంది. భయంతోనా, ఆవులింతతోనా? అంతలోకే చీకటి. ముక్కలు ముక్కలుగా దొరికాయి, ఒకదానికొకటి అతకవు. ఒకసారి పెద్ద మెరుపు మెరిసినప్పుడు, ఆ చివర నుంచి వాళ్లమ్మ కూడా మెడ సాచి మా బిడ్డను చూస్తోంది. ఇద్దరి కళ్లూ కలిశాయి. ఇద్దరమూ దొంగలు దొరికినట్టు తెరవైపు తిరిగాం.

ఇంటర్వల్‌లో లైట్లు వెయ్యకముందే పిల్లవాడు చాయ్ తేవడానికి పోయాడు, ఆర్పినాక వచ్చాడు. నా ఖర్మ. ఆ సందులో బిడ్డను అడిగాను.

"ఏందే ఇది? మనం చూసిన ముసుగోడు నవ్వుతుండె గదా. ఈయన వేరే మనిషా?"

"గాయ్నే అమ్మా. మల్ల మొదటి నుంచి తీసిండ్రు. పాతది లెక్కల లేదు."

"లెక్కల లేకపోవుడేంది? మీ నాయినతోని కూసొని చూడలేదా మనం?"

బిడ్డ నావైపు తిరిగింది. వెలుగు ఉన్నది కాబట్టి ఆమె మొహం కనబడ్డది గానీ, అందులో ఏముందో నాకు తెలియలేదు. అదే పేరు, అదే ముసుగు, లోపల వేరే మనిషి. జరిగిందంతా జరగలేదంట. ఎవరు ఒప్పుకున్నారు దీనికి?

ఆట అయిపోయింది. ఆఖరుకు ఒక ముసలి వాచ్‌మన్ వానలో నడుచుకుంటూ పోయాడు, ముసుగువాడు నిలబడి చూశాడు, అంతే, తెర నల్లగా అయిపోయింది. అయిపోయిందా అని ఒకరినొకరు అడుగుతూ లేచారు జనం. పిల్లగాళ్లు ఆ కాగితాలను ఊరికే కింద దులిపేసి పోయారు.

బయట ఎండ. బండ్లు పెట్టేచోట పిల్లవాణ్ణి చూశాను. నల్లగా, సన్నగా ఉన్నాడు, గోళ్ల సందుల్లో మోటార్ల మసి. దస్తీ మడుస్తూ నావైపు తిరిగాడు.

"అమ్మా, మీకెట్లనిపించింది సినిమా?"

మా ఆయన మంచివాడే, ఏ కొత్త సినిమా వచ్చినా తీసుకొచ్చేవాడు. కానీ బయటికి వచ్చినాక సైకిల్ ఎక్కించుకొని ఇంటికి తొక్కడమే గానీ, నీకెట్లా ఉందే అని ఒక్కనాడూ అడగలేదు. ఆయన అడగలేదని కూడా నాకు ఆ పొద్దే తెలిసింది.

"చీకటున్నది బిడ్డా" అన్నాను.

"అవు, మస్తు చీకటున్నది" అని ఒప్పుకున్నాడు. "అసలు సంగతి ఆఖరికున్నదమ్మా. చంపింది వాచ్‌మనే. ఈ ముసుగాయనకు తెల్వక పోనిచ్చిండు."

"తెల్వకనా?" అంది మా బిడ్డ. పెళ్లిచూపుల్లో తల ఎత్తని బిడ్డ. "తెలిసే విడిచిపెట్టిండు. వాచ్‌మన్ కాడ తాళంచెవి చూసినప్పుడు మొహం ఎట్ల పెట్టిండు?"

"ముసుగున్నది గదా, మొహమేడ కనబడ్డది నీకు?"

"కండ్లు కనబడలేవా? సినిమా చూసినవా, సమోసా చూసినవా?"

"నేను కాలిన మోటర్ జూస్తే ఎందుకు కాలిందో తేలేదాక విడువ. ఆయన సుత అసొంటోడే. తెలిస్తే విడువడు."

"మనుషులు మోటర్లా?"

గొంతులు పెరిగాయి. జనం ఆగి చూస్తున్నారు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వదినా, కొట్లాడుతుండ్రు. ఇగ అయిపోయినట్టే" అంది. నాకూ అట్లాగే అనిపించింది. అప్పటిదాకా కనబడని మొహం కనబడ్డదని సంతోషపడేలోపే ఆ మొహం మా బిడ్డతో పోట్లాటకు దిగింది.

ఇంటికొచ్చి బిడ్డ ఫోన్ పట్టుకుంది. అందులో ఎవరెవరో ఆ సినిమా గురించి చెబుతున్నారు. టోపీ పెట్టుకున్న ఒకతను ఇంత గొప్ప సినిమా పుట్టలేదంటాడు. ఇంకొక అమ్మాయి నిద్రొచ్చిందంటుంది. ఇంకొకడు పాత హీరోయే హీరో, వీడు కాదని ఏడ్చినంత పని చేశాడు. బిడ్డ ఒకరిని చూసి "గట్ల చెప్పు" అంటుంది, ఇంకొకరిని చూసి "వీనికేం తెల్వదు" అంటుంది. ఇంతమంది ఇన్ని చెబుతున్నారు, ఆ పిల్లవాడి సంగతి ఒక్కరూ చెప్పరు. బావకు కాదని ఎట్లా చెప్పాలో మనసులో మాటలు పేర్చుకుంటూ అన్నం కలిపాను.

"అమ్మా, వాళ్లమ్మకు ఫోన్ చెయ్యి" అంది ఉన్నట్టుండి.

"వద్దని చెప్పాల్నా?"

"ఐతారం మల్ల పోదామని చెప్పు. ఎవరిది రైటో తేలాలె."

"అంటే పిలగాడు ఇష్టమేనా?"

"పిలగాని సంగతి కాదమ్మా, వాచ్‌మన్ సంగతి."

ఇది అవుననడమా, కాదనడమా? ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తగానే, "వదినా, మావాడు సుత గదే అంటుండు. గిదేంది? నాకైతే సమజ్ కాలే" అంది. ఆమెకు సమజ్ కాలేదని తెలిసి నాకు కొంచెం ఊపిరాడింది.

ఆదివారం పిల్లలిద్దరినీ పంపి, నేనూ వాళ్లమ్మా లోపలికి పోలేదు. ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చొని, అంతకుముందు ఆట నుంచి వచ్చేవాళ్లను ఎట్లున్నదని అడిగాం. ఒకాయన తలనొప్పి అన్నాడు. ఒక పిల్ల మళ్లీ చూస్తానంది. భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన బాగుందంటే ఆమె బాగోలేదంది, ఇద్దరూ ఒకే బండి ఎక్కి పోయారు. వాళ్లు వర్ని రోడ్డు మలుపు తిరిగేదాకా మేం చూస్తూనే ఉన్నాం.

ఆట వదిలినాక మా ఇద్దరి పిల్లలూ చేతులు తిప్పుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకుంటూ వచ్చారు.

"తేలిందా?" అని అడిగాను.

"ఏడ తేలింది? మొండోడు" అంది బిడ్డ. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "పెదనాన్నకు చెప్పు, వాళ్లను పూలు పండ్లు తీసుకొని రమ్మను" అంది.

"తేలకుండనేనా?"

"ఇంటికాడ తేల్చుకుంటం."

మాట ఖాయం చేసుకోవడానికి వాళ్లు పూలు పండ్లు తెచ్చిన పొద్దు బావ మళ్లీ కుర్చీలు వేయించాడు. ఆయనేమీ చెప్పకముందే నా కాళ్లు నన్ను వంటింట్లోకి తీసుకుపోయాయి. చాయ్ పొంగుతోంది. గడపలో ఎవరో నిలబడ్డట్టయితే తిరిగి చూశాను. పిల్లవాడు.

"అత్తమ్మా, మీరు చెప్పుండ్రి. తెలిసి విడిచిండా, తెల్వక విడిచిండా?"

ముందు గదిలోంచి బిడ్డ అరిచింది. "అమ్మా, తెలిసే అని చెప్పు!"

పొయ్యి ఆర్పాను. నాకు అబద్ధం చెప్పడం రాలేదు.

"నేను ఆ పొద్దు తెర చూడలే బిడ్డా. నిన్ను చూద్దామని వచ్చిన."

"చూసిండ్రా మరి?"

"ఏడ చూసిన? లోపలేమో చీకటాయె. బయటికొస్తే మీరిద్దరు కొట్లాడబడితిరి."

అతను గోడ దగ్గర స్విచ్ వెతికి ట్యూబులైటు వేశాడు. చెప్పులు విడిచి, లోపలికి రెండడుగులు వేసి, దాని కింద నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"చూడుండ్రి" అన్నాడు.

ముందు గదిలో బావ నన్ను చాయ్ తెమ్మని పిలుస్తున్నాడు. పిలవనీ అని, కొంగుతో చేతులు తుడుచుకొని, దగ్గరికి పోయి చూశాను.