సీసా మీద రాయని మందు

మొన్న మా అమ్మాయి నా మోకాళ్ళ నొప్పికని చిన్న సీసాలో తైలం తెచ్చి ఇచ్చింది. గంజాయి నుంచి తీసిందట, ఇప్పుడు మా కాలిఫోర్నియాలో వీధి చివరి కొట్లోనే అమ్ముతున్నారట. నాకున్న పాత అలవాటు కొద్దీ కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదవబోతే, ఎవరు పండించారో, ఏ లాబ్‌లో పరీక్ష చేశారో అంతా ఉంది. దానిమీది గళ్ళబొమ్మకి, అదే క్యూఆర్ కోడ్‌కి, అమ్మాయి ఫోన్ చూపించగానే, ఏయే పురుగుమందుల కోసం వెతికారో ఆ జాబితా కూడా బారెడు వచ్చింది. సగం చదివేసరికి నా కళ్ళు నిండిపోయాయి. పాపం అది మోకాలి నొప్పికే అనుకుంది.

ఫ్రెస్నో దగ్గర ఒక చిన్న ప్రైవేటు లాబ్‌లో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాను నేను. చుట్టుపక్కల తోటల నుంచి వచ్చే ద్రాక్షల్లో పురుగుమందు ఎంత మిగిలిందో చూసి చెప్పడం నా పని. ఆ పనిలో ఉన్నవాళ్ళకి మందు డబ్బా మీది లేబులే ధర్మశాస్త్రం. ఏ పంటకి వాడాలి, ఎంత వాడాలి, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి, అన్నీ అందులోనే ఉంటాయి. లేబుల్‌లో లేని పంట మీద చల్లితే నేరం. అయినా మన ఇళ్ళల్లో పెరిగిన చేతులు ఊరుకోవు కదా, పొద్దున లాబ్‌లో ఫరవాలేదని సంతకం పెట్టిన ద్రాక్షల్నే సాయంత్రం ఇంట్లో ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళల్లో అరగంట నానబెట్టేదాన్ని. "నీ సంతకం మీద నీకే నమ్మకం లేదుటే?" అని మావారు ఏడిపించేవారు.

ఆయన కాలేజీలో ఇంజినీరింగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రెండువేల పదకొండులో కడుపులో క్యాన్సర్ అని తేలింది. కీమో మొదలయ్యాక పోపు వాసన వస్తే చాలు బాత్రూమ్‌కి పరుగెత్తేవారు, మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. చివరికి డాక్టరే గంజాయి వాడి చూడమని ఉత్తరం రాసిచ్చింది. అప్పట్లో ఆ ఉత్తరం ఉంటేనే కొట్టువాళ్ళు లోపలికి రానిచ్చేవారు. వక్కపొడి కూడా ఎరగని మనిషి, గంజాయి అన్న మాట తిట్టుగా తప్ప వినని ఇంట్లో పుట్టినవారు, వారం రోజులు ఒప్పుకోలేదు. అమ్మాయి రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి ఎండిన ఆకున్న ఆకుపచ్చ మూత సీసా తెచ్చింది. గరాజ్‌లో మడత కుర్చీ వేసి, తలుపు సగం ఎత్తి, చిన్న గాజు గొట్టంలో ఆకు అంటించి పొగ ఎలా పీల్చాలో కూతురు తండ్రికి నేర్పుతుంటే నేను చూడలేక లోపలికి వచ్చేశాను. కాసేపటికి ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "చారు ఏమైనా ఉందా?" అని అడిగారు. ఆయన నోరు తెరిచి తిండి అడగడం విని ఎన్నాళ్ళయిందో! వడ్డించి, వెనక్కి తిరిగి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చాను.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పెసరట్టు కూడా అడిగి తిన్నారు. ఆ సీసా మీద ఏదో రకం పేరూ, నవ్వుతున్న ఆకు బొమ్మా తప్ప ఇంకేమీ ఉండేవి కావు. జీలకర్ర పొట్లం కూడా తిరగేసి చదవందే కొనని నేను అక్కడ బోల్తా పడ్డాను. మా రాష్ట్రం ఒప్పుకున్నా, అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఆ పంటే నేరం కాబట్టి ఏ పురుగుమందు లేబుల్ మీదా దాని పేరు ఉండదు, లేబుల్ మీద లేని పంటకి ఎవరూ మందు కొట్టరు, కాబట్టి ఇందులో మందే ఉండదు అని లెక్క కట్టుకున్నాను. జీవితమంతా లేబుళ్ళు చదివి బతికినదానికే వస్తుంది అంత తెలివితక్కువ ఆలోచన.

కానీ కడగడానికి వీల్లేనిదాన్ని ఆయన లోపలికి పంపుతున్నానన్న బెంగ మాత్రం పోలేదు. ఒక శనివారం చిటికెడు ఆకు ఖాళీ ఇంగువ డబ్బాలో వేసుకుని, ఎవరూ లేని లాబ్‌కి వెళ్ళాను. యజమానికి తెలిస్తే ఉద్యోగం ఊడేది. మిషన్ మీద గీత లేవగానే ఆ మందు పేరు పుస్తకం చూడకుండానే చెప్పగలిగాను, ద్రాక్షకి బూడిద తెగులు పట్టకుండా కొట్టేదే. ద్రాక్షలో అయితే ఏనాడో పరిమితి కట్టారు, తినవచ్చు. కాలిస్తే మాత్రం అందులోంచి విషవాయువు పుడుతుందని ఆ మందుతో వచ్చే జాగ్రత్తల కాగితంలోనే ఉంటుంది. ఆయన గుండెల్లోకి ఎంత పోయిందో, దానివల్ల చెరుపు జరిగిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అనుమతే లేని పంటకి అలాంటి లెక్కలు ఎవరు కడతారు?

నాలుగు నెలలుగా నీకు విషం పెట్టానేమో అని ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకో కొట్టు వెతుకుదామంటే అక్కడి సీసా మీదా ఆకు బొమ్మే ఉంటుంది, ప్రతిసారీ దొంగతనంగా పరీక్ష చేయలేను. అందుకని అబద్ధం ఆడాను. "ఇంక మానేయండి, గుళ్ళో అందరికీ స్మెల్ తెలిసిపోతోంది, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం" అన్నాను. ఆయన "నీకంత ఇబ్బందిగా ఉంటే వద్దులే" అన్నారు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "నాన్న కంటే వాళ్ళు ఎక్కువా నీకు?" అని అరిచింది.

డాక్టర్ వేరే మాత్రలు మార్చి చూసింది, పట్టలేదు. మళ్ళీ పోపు వాసన పడలేదు, మళ్ళీ నీళ్ళు నిలవలేదు. తొమ్మిది వారాల తర్వాత వెళ్ళిపోయారు. అన్ని వారాల్లో ఒక్కసారి కూడా ఆ సీసా ఊసు ఎత్తలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నిజం చెప్పేసేదాన్నేమో.

ఇప్పుడు కాలం మారింది, చట్టాలు వచ్చాయి, పరీక్షలో తప్పిన సరుకు కొట్టుకే రానివ్వరట. మంచిదే, సంతోషమే. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఒక ఆలోచన నన్ను వదలదు. నిజం చెప్పి ఉంటే ఆయన ఏమనేవారు? పోయేవాడికి విషమేమిటే, ఆకలి వేస్తోంది, అన్నం పెట్టు అని నవ్వేసేవారేమో. లేక భయపడి తానే మానేసేవారేమో. ఏదైనా అది ఆయన తేల్చుకోవలసిన సంగతి. అందులో ఏముందో ఆయనకి చెప్పమని అప్పట్లో ఏ చట్టమూ లేదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్ని ఆయన పక్కనే ఉన్నాను, నేనూ చెప్పలేదు.