దొరగారికి దారి చేసిన వైనం

నడుం బిగించి మంచి పని చేస్తే ఎంత ముప్పొస్తుందో మీకు తెలియకపోతే ఇది చదవండి. నా మంచితనం తట్టుకోలేక మా ఇంట్లోంచి ఒక పెద్దమనిషి లేచిపోయాడు. ఆ పెద్దమనిషి మా ముసలి కుక్క. పేరు దొర.

మొన్న వేసవికి దొరకి చూపు పూర్తిగా పోయింది. పశువుల డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, "దీనికి మందు లేదండి. ఉన్నన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. ఇంటికొచ్చేదాకా స్కూటరు మీద నాకు ఏడుపు ఆగలేదు. దొర మాత్రం వెనక మా ఆవిడ జయ ఒళ్ళో కూర్చుని గాలికి మూతి చాపాడు.

నేను చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. చూసుకోమంటే ఊరుకుంటానా? మర్నాడు జయ ఆఫీసుకి వెళ్ళగానే, దొర గుద్దుకుంటాడని ఇల్లంతా ఖాళీ చేశాను. కుర్చీలు, స్టూళ్ళు మేడెక్కాయి. వంటింటి గుమ్మం పక్కన బెల్లం బస్తా ఉంటుంది. మా మావగారు చీడికాడ నుంచి ఏటా పంపిస్తారు. దాన్ని పక్కింటి నరసమ్మగారి వరండాలో పెట్టి వచ్చాను. ఫినాయిలు పోసి నేల కడిగాను. ఇల్లు పెళ్ళయిపోయిన షామియానాలా ఉంది.

సాయంత్రం జయ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటండీ ఇది? ఇల్లు ఖాళీ సేసి ఎల్లిపోతన్నామేటి?"

"దొర కోసమే. ఇంక అడ్డేటీ లేదు, రాజాలా తిరుగుతాడు."

"మరి రాజేడీ?"

లేడు. గేటు తీసి ఉంది. బస్తా మోసుకెళ్ళిన మహానుభావుడికి గేటు వెయ్యాలన్న జ్ఞానం ఉండదు కదా!

సందులన్నీ తిరిగాం. మెయిన్ రోడ్డు మీద లారీ హారన్ వినబడినప్పుడల్లా అటు పరిగెత్తాను. వాడికేమైనా అయితే నా చేతులతో నేనే చంపినట్టు.

చీకటి పడుతుండగా ఉసూరుమంటూ తిరిగొస్తే నరసమ్మగారు గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏటి బావూ, ఎవుల్ని ఎతుకుతన్నారు?"

"దొర కనబడ్డం లేదండీ."

"ఓలమ్మో! మా వరండాలో మీ బస్తాకి ఆనుకుని తొంగున్నాడు. లెగమంటే నన్నే గుర్రుమంటన్నాడు. ఇల్లు ఆడిదీ, అద్దెకున్నది నానూ!"

ఎత్తుకొచ్చి హాల్లో దింపాను. దొర గాలి పీల్చాడు. ఎటు తిరగాలో తెలీక రెండడుగులు వేసి గోడకి గుద్దుకున్నాడు. ఇంట్లో నేను తీయలేకపోయింది గోడలొక్కటే. అక్కడే నిలబడి సన్నగా మూలిగాడు.

"బెల్లం వాసన పట్టుకునే నీల్ల గిన్ని కాడికి ఎల్తాడండి," అంది జయ, వాణ్ణి దగ్గరికి తీసుకుని. "కుర్సీ కోడు తగిల్తే ఎటు తిరగాలో ఆడికి తెలుస్తాది. మీరు అడ్డాలనుకుని తీసేరు. ఆడికి అయే కళ్ళు."

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. వెంటనే నరసమ్మగారి వరండాకి వెళ్ళి బస్తా భుజానికెత్తుకున్నాను. జయ దొరని ఎత్తుకొచ్చి నా వెనకాల దింపింది. వీధంతా అరుగులెక్కి చూసింది: ముందు బస్తా మోస్తూ కూలీ, వెనక ముక్కెత్తుకుని దొరగారు.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. దొర ఉన్నంతకాలం ఈ ఇంట్లో చీపురు తప్ప ఏదీ కదపను. చీపురైనా జయనడిగే కదుపుతాను. వాడు పోయాక సర్దుకోవచ్చు కదా అంటారా? అప్పుడైతే అసలే చెయ్యి రాదండి.