సురేంద్ర మావయ్యకు ఒక రాక్షసుడు కావాలి

మా సురేంద్ర మావయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, నడకలు గుర్తుంటాయి. ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టినవాణ్ణి ఎవరో అన్నట్టు చూస్తాడు. ఆ మనిషి దాటిపోయి పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి, "ఓహో, మన సతీష్‌కుమారు" అని అప్పుడు కేకేస్తాడు. మా అమ్మకు సొంత తమ్ముడు. అయినా ఆవిడ వంటింట్లో కదలకుండా నిలబడి ఉంటే ఒక క్షణం తటపటాయిస్తాడు. గిన్నె పట్టుకుని రెండడుగులు వేసిందంటే అప్పుడు "అక్కా, టీ" అంటాడు.

తొంభై ఏడులో ఆయన పవర్ హౌస్ అనే బజారు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు. మిగతా వేళల్లో సెక్టార్ సిక్స్‌లోని మా స్టీల్ ప్లాంటు క్వార్టర్లో, ముందు గదిలో, ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని వీడియో గేమ్ తయారు చేసేవాడు. ఒక రాజకుమారుడు ఏడు ద్వారాలు దాటాలి, ప్రతి ద్వారం దగ్గరా ఒకడు అడ్డం రావాలి. కథంతా అంతే. ఎం.ఏ. తెలుగు చదువుతున్నదాన్ని కదా అని నేను కథ కాస్త పెంచి నాలుగు పేజీలు రాసిస్తే, వాటి వెనకవైపు మోకాలి చిప్పలు గీసుకున్నాడు.

"కథ తరవాత. ముందు ఆడు నడవాలి," అన్నాడు. "బొమ్మ నేల మీద తేలినట్టు పోతే ఎవడు నమ్ముతాడు? నడకంటే ఏటనుకున్నావు? ముందుకి పడిపోడం. పడిపోయేలోగా కాలు అడ్డం పెట్టుకోడం. లోకంలో అందరం రోజంతా పడిపోతానే ఉన్నాం."

ఆయన దగ్గర వైద్య విద్యార్థులు చదివే శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం ఒకటి ఉండేది, అట్ట లేకుండా. ఆదివారం కోడికూర వండితే ఆయన పళ్లెంలో కాలు అరగంటసేపు అలాగే ఉండేది. కీలు వంచుతాడు, చాపుతాడు, మళ్లీ వంచుతాడు.

"తినీరా. అది ఇంక నడవదు," అనేది అమ్మ.

"కోడి మోకాలు వెనక్కి వంగుతాదనుకుంటారక్కా అందరూ. అది మోకాలు కాదు, మడమ. పాపం, బతికినన్నాళ్లూ మునివేళ్ల మీదే నిలబడతాది."

ఆ మాట విన్నాక మా నాన్న కూడా పళ్లెం పక్కకి జరిపేసేవారు.

మా వీధిలోని హైమవతి టీచరు గారి వెనక వారం రోజులు నడిచాడు. ఎనిమిదో రోజున ఆవిడ భర్త వాసుదేవరావు గారు చొక్కా చేతులు మడిచి మా గుమ్మంలో నిలబడ్డారు. "మీ తమ్ముడు మా ఆవిడ వెనకాల ఎందుకు తిరుగుతన్నాడమ్మా?"

మావయ్య బయటికొచ్చి నోటుబుక్కు తెరిచి ఆయన చేతిలో పెట్టాడు. "మీ ఆవిడ నడుం ఎడంపక్కకి వాలిపోతందండీ. పుస్తకాల సంచీ ఎప్పుడూ కుడి భుజానికే. రోజు మార్చి రోజు భుజం మార్చమనండి."

వాసుదేవరావు గారు కొట్టడానికి వచ్చిన మనిషి. నోటుబుక్కు నిండా భార్య అస్థిపంజరం కనిపించేసరికి కొట్టాలో వద్దో తేల్చుకోలేక, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఇంత పరిశోధన చేసి మావయ్య తన రాజకుమారుణ్ణి ఎనిమిది బొమ్మల్లో గీశాడు. ఆ ఎనిమిదీ ఒకదాని తరవాత ఒకటి తిరిగితే నడక. కంప్యూటర్ సెంటర్లో హిందీవాళ్ల పిల్లలకు చూపిస్తే వాళ్లు ఒక నిమిషం చూసి, "భయ్యా, యే రాజ్‌కుమార్ హై కి ఫస్ట్ షిఫ్ట్‌వాలా?" అన్నారు. రాజకుమారుడా, పొద్దుటి షిఫ్టుకి పోయేవాడా అని.

నిజమే. రాజకుమారుడి కోసం మావయ్య చూసి గీసిందంతా మా సెక్టార్ మగవాళ్లను. ముందువైపు ఇనప డిప్ప ఉన్న సేఫ్టీ బూట్లు ముప్పై ఏళ్లు తొడిగినవాళ్లు ఇంట్లో ఉత్తి కాళ్లతో తిరిగినా పాదాన్ని బరువుగా ఎత్తి బరువుగా వేస్తారు. కిరీటం, కత్తి, మెళ్లో హారాలు అన్నీ ఉన్న మా రాజకుమారుడు కూడా ప్లాంటు గేటు మూసేస్తారేమో అన్నట్టు వెళ్తున్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఒక్కటే తక్కువ.

ఆ దిగులులో మావయ్య ఉండగా జులైలో ఒక రోజు నూకమ్మ గారు వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నారు. నాలుగు ఇళ్ల అవతల ఉంటారు. ఆవిడ భర్త గురునాథరావు గారు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఎండాకాలంలో నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. కానీ మనిషి కుర్చీలోంచి లేవడం లేదు.

"కసరత్తు చేయించడానికొచ్చిన కుర్రోణ్ణి తిట్టి పంపించీసేరు వదినా. రోజూ నడవాలన్నారు డాక్టర్లు. కుంటుకుంటూ వీధిలోకి రాను, నలుగురూ చూస్తారంటారు. సెప్టెంబరు ఇరవై ఆరుని మెడికల్ బోర్డు. వాళ్ల ముందు నడవలేకపోతే అన్‌ఫిట్ అని రాసీస్తారు. ఉద్యోగం పోతే క్వార్టరు కూడా పోతాది. మా అబ్బాయి రాజేశ్ చదువింకా అవలేదు. ఏటి చెయ్యమంటావు?"

మావయ్య కంప్యూటర్ వైపు తిరిగే ఉన్నాడు. వింటున్నట్టు లేడు. మర్నాడు పొద్దున్న మాత్రం నోటుబుక్కు తీసుకుని, నా చేతికి సుద్దముక్క ఇచ్చి, వాళ్లింటికి నడిపించాడు. గురునాథరావు గారు వసారాలో కూర్చుని ఉన్నారు.

"నువ్వు కూడా కాలెత్తు, కాలు దించు అని చెప్పడానికొచ్చేవా?" అన్నారు. "వంద టన్నుల క్రేను నడిపినోణ్ణి. నిన్న పుట్టినోడొచ్చి నాకు నడక నేర్పుతాడా?"

"నాకెందుకు బాబాయ్ మీ కాలు సంగతి," అన్నాడు మావయ్య. "నాకొక రాక్షసుడు కావాలి."

"నా మొహం చూసి అడుగుతన్నావా?"

"మొహం చూళ్లేదు. మొన్న మీరు గుమ్మం దాకా వెళ్తంటే చూసేను. ఒకపక్క కొండ విరిగి పడినట్టు పడ్డాది అడుగు. ఏడో ద్వారం దగ్గర రాక్షసుడికి అలాంటి నడక కావాలి. ఈ సెక్టార్లో ఇంకెవరికీ లేదు. అందరూ డ్యూటీకెళ్లినట్టే నడస్తన్నారు."

లోపల నూకమ్మ గారి గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను సిగ్గుతో గోడ మీది కేలండరు చదవసాగాను. ఇంత మాట అన్నాక ఈ జన్మలో ఈ ఇంటి గుమ్మం ఎలా తొక్కాలి అనుకున్నాను.

గురునాథరావు గారు తన కాలి వైపు ఒకసారి చూసుకున్నారు. తరవాత, "ఏడో ద్వారమంటే ఆఖరిదా?" అన్నారు.

"ఆఖరిదే."

"అయితే అందరిలోకీ పెద్దోడన్నమాట."

"ఆడికన్నా పెద్దోడు లేడు బాబాయ్."

"నూకా, కర్ర ఇలాగియ్యి."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఆయన ఇంటి గేటు దగ్గర్నించి వీధి చివర కుళాయి దాకా నడవాలి. అడుగు పడిన చోటల్లా నేను సుద్దతో గీత గియ్యాలి. మావయ్య ఒకసారి వెనక, ఒకసారి పక్కన, ఒకసారి కప్పలా కూర్చుని చూసి బొమ్మ గీసేవాడు. కుళాయి చేరేసరికి తల అడ్డంగా ఊపేవాడు.

"పాడైపోనాది బాబాయ్. చెయ్యూపు సరిగ్గా కనిపించలేదు. మళ్లీ."

మర్నాడు ఎండ కంట్లో పడింది. ఆ మర్నాడు పెన్సిలు విరిగింది. ఒకనాడు ఆవు అడ్డొచ్చిందన్నాడు. సుద్దముక్కతో అక్కడే ఉన్న నాకు ఆవు కనిపించలేదు. నా కళ్లజోడు తుడుచుకున్నాను.

గురునాథరావు గారు వారం తిరక్కుండానే నటుడైపోయారు. "ఇక్కడ ఆడు తల తిప్పి చూస్తే బాగుంటాది గదా," అనేవారు. వీధిలో ఎవరైనా ఆగి చూస్తే కుంటును దాచుకోవడం మానేసి, "షూటింగు," అని గంభీరంగా చెప్పేవారు. ఆఖర్న రాక్షసుడు చావాలని తెలిసి రెండు రోజులు అలిగారు. "రాజకుమారుడే పోనీ. ఆడేటి, ఉత్త ఫస్ట్ షిఫ్ట్ గాడు."

మొదట్లో నా గీతల మధ్య ఒక చెప్పు పొడవే పట్టేది. ఆగస్టు ఆఖరుకి రెండు పట్టాయి. నడక కుళాయి దాటి పార్కు దాకా వెళ్లింది. కుంటు సన్నగిల్లింది. ఒకరోజు మావయ్య మొహం చిట్లించి, "ఏటి బాబాయ్, ఇంత తిన్నగా నడిచీస్తన్నారు? ఇలాగైతే నా రాక్షసుడి గతేటి?" అని, ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ స్నానం చేశాడు.

ఆ మాటే కొంప ముంచింది. బోర్డుకి రెండు వారాల ముందు గురునాథరావు గారికి కుంటు తిరిగొచ్చింది. రోజురోజుకీ పెరిగింది. నూకమ్మ గారు మళ్లీ అమ్మ దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకున్నారు. బోర్డుకి ఇంక నాలుగు రోజులుంది.

ఆ పొద్దున్న మావయ్య ఒక్క బొమ్మా గియ్యలేదు. ఇంటికొచ్చి టీ చల్లారబెట్టుకుని కూర్చున్నాడు.

"అది దొంగ కుంటక్కా. నిజంగా బాధుంటే ముందు తుంటి దిగుతాది, తరవాత భుజం. ఈయనకి భుజం ముందొంగుతంది, తుంటి తరవాత గుర్తొస్తంది. ఎందుకో తెలీటం లేదు."

అమ్మ వంకాయలు తరుగుతూనే అంది. "ఎముకలన్నీ తెలుసును నీకు. ఇది తెలీదా? రోజూ పాడైపోనాది అంటావు. రాక్షసుడి గతేటంటావు. నీ ఆట చెడిపోతాదని నీకోసమే కుంటుతన్నారు."

మావయ్య టీ గ్లాసు పక్కకి జరిపాడు. "కాలు మనం చెప్పింది నమ్మదక్కా, చేసింది నమ్ముతాది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే నడిస్తే బోర్డు ముందు వద్దన్నా ఇదే వస్తాది."

ఆ సాయంత్రమే గురునాథరావు గారిని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద నల్లటి ద్వారంలోంచి రాక్షసుడు వచ్చాడు. ఒకపక్క కొండ విరిగి పడుతున్నట్టు, మధ్యలో తల తిప్పి చూస్తూ.

"నేనే," అన్నారు గురునాథరావు గారు ముందుకి వంగి. "నూకకి చూపించాలి. ఎప్పుడు పూర్తి చేసేవు?"

మావయ్య తల వంచుకుని నాతో అన్నాడు. "ఫైలు తారీఖు చదువు."

నేను చదివాను. పెదవుల్లోనే. "గట్టిగా," అన్నాడు.

"జులై ఇరవై ఏడు."

ఆ రోజు సెప్టెంబరు ఇరవై రెండు. గురునాథరావు గారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు.

"అంటే ఈ రెండు నెల్లూ?"

"ఊరికే బాబాయ్."

"ఆవు అడ్డొచ్చిందన్నావు."

"ఆవు లేదు."

"నన్ను ఊరికే తిప్పేవా?" ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచారు. "నీ ఆట పాడైపోతాదని పదిరోజుల్నించి చస్తన్నాను గదరా. తొడ లాగీస్తంది తెలుసునా, లేని కుంటు కుంటలేక."

మా గుమ్మం దిగి, గేటు తోసి, నాలుగిళ్లూ దాటి కోపంగా వెళ్లిపోయారు. కర్ర మా కుర్చీకి ఆనించే ఉంది. అవతల నూకమ్మ గారు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"ఏటయ్యా, కర్రేదీ?"

"ఆ దొంగనాకొడుకునడుగు," అంటూ ఆయన మెట్లెక్కేశారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. ఏడుస్తున్నారేమో అని నేను పరిగెత్తాను. నవ్వుతున్నారు.

శుక్రవారం బోర్డు వాళ్లు ఆయన్ని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు నడిపించి ఫిట్ అని రాశారు. ఆయన ఆ సంగతి వీధిలో ఇంటింటికీ వెళ్లి స్వయంగా చెప్పారు, మా ఇల్లు తప్ప. తొమ్మిది రోజులు మావయ్య మొహం చూడలేదు. దానివల్ల మావయ్యకు పెద్ద తేడా తెలియలేదు.

పదో రోజు సాయంత్రం మా గేటు చప్పుడైంది. గురునాథరావు గారు. వెనక ఆయనతో పనిచేసే అంకయ్య గారు, కుడిచెయ్యి పొట్టకి అంటించుకుని ఉన్నారు. భుజం బిగుసుకుపోయి ఆర్నెల్లయిందనీ, చెప్పిన కసరత్తు చెయ్యరనీ సెక్టారంతా తెలుసు.

"సురేంద్రా," అన్నారు గురునాథరావు గారు గోడకేసి చూస్తూ. "నీ ఆటలో బల్లెం విసిరేవోడు ఎవడైనా తక్కువయ్యేడా?"

మావయ్య అంకయ్య గారి భుజం వైపు చాలాసేపు చూశాడు. "అయిదో ద్వారం దగ్గర ఖాళీ ఉంది. తొందరగా అవదు మరి. రెండు మూడు నెల్లు పట్టొచ్చు."

"పట్టనీ," అని గురునాథరావు గారు స్నేహితుణ్ణి గది మధ్యకు లాక్కొచ్చి నిలబెట్టారు.

అంకయ్య గారు మొహమాటంగా నా వైపూ, అమ్మ వైపూ చూశారు. "ఎంతెత్తాల?"

"ఇవాళకి," అన్నారు గురునాథరావు గారు, కిటికీలో ఉన్న నా సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికి నడుస్తూ, "ఎంత లేస్తే అంత."