అవిసె నార పడుగు

నాగమల్లేశ్వరి ఏలకులు దంచుతోంది. అరచేతిలో ఇమిడేంత ఇత్తడి రోలు. పొట్టు తీసేసి గింజలు మాత్రమే వేసి, బయటికి చిందకుండా ఎడమచేత్తో రోటి మూతి మూసి, మెల్లగా దంచుతోంది. వంటింటి కిటికీ అవతల తెల్లటి బిర్చి చెట్లు, వాటి వెనక సరస్సు. సరస్సు మీద పొగమంచు ఇంకా లేవలేదు. చెట్లు నీళ్లలోంచి మొలిచాయో, మంచులోంచి మొలిచాయో తెలియడం లేదు.

"ఏందే మల్లేశ్వరీ! స్వీడన్ తిండి తిందామని మూడు గంటలు బస్సుల కూసొని వస్తే, ఈడ గుడి ప్రసాదం వాసనొస్తుంది?" అంది శశికళ, రొట్టెల పిండి కలుపుతూ.

"వాళ్ల రొట్టెల్లో ఏలకులు వేస్తారంట. మాట్లాడకుండా పిండి పిసుకు. ఉండలు కడుతోంది."

ఇద్దరూ మినియాపోలిస్ శివార్లలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. నాగమల్లేశ్వరిది మంగళగిరి, శశికళది కరీంనగర్. ఇద్దరి భర్తలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఇద్దరివీ ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసాలు, చదువుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. అందుకే ముప్పై అయిదో ఏట కమ్యూనిటీ కాలేజీలో చేరారు. మిన్నెసోటాకి వలస వచ్చిన స్వీడన్ వాళ్ల చరిత్ర క్లాసు తీసుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. పిల్లల స్కూలు బస్సు వచ్చేలోగా అయిపోయే క్లాసు అదొక్కటే.

అది 2011 సెప్టెంబరు చివరి వారం. ప్రొఫెసర్ పది మంది విద్యార్థులను మూడు రోజుల కోసం, ఒకప్పుడు స్వీడన్ వాళ్లు వచ్చి కట్టుకున్న బ్యోర్క్‌దాల్ అనే ఊరికి తీసుకొచ్చింది. పరీక్ష లేదు, వ్యాసం రాయనక్కర్లేదు. ఒక్కటే షరతు పెట్టింది. ప్రతి ఒక్కరూ ఆ ఊళ్లో ఏదో ఒక పని తమ చేతులతో చేసి, శనివారం మధ్యాహ్నం బస్సు బయల్దేరేలోగా ఊరివాళ్లకి అప్పగించాలి.

ఆ రోజు గురువారం. గురువారమైతే ఆ ఊళ్లో పసుప్పచ్చ బఠాణీల పప్పు, తర్వాత పల్చటి అట్లు తింటారట. పప్పులో పంది మాంసం కూడా వేస్తారని విని శశికళ గరిటె కింద పెట్టింది.

"గురువారం, సాయిబాబా వారం! ఈల్లకేం పోయే కాలమే!"

"మనకోసం వేరే గిన్నెలో చేశారు, తిను."

పప్పు ముద్దపప్పులాగే ఉంది, ఉప్పూ కారమూ తప్ప. అట్ల మీద ఎర్రటి లింగన్ పండ్ల జామ్ వేశారు. వాక్కాయ పులుపు. గోడవారన కట్టిన కర్రకి, నడుమ చిల్లున్న ఎండు రొట్టెలు వరసగా వేలాడుతున్నాయి.

"గారెకి చిల్లు మనమే కనిపెట్టినమనుకున్న" అంది శశికళ.

భోజనాలయ్యాక ఊరు చూపించారు. మొదట వచ్చిన పద్నాలుగు కుటుంబాలు కొండవాలులో నేల తవ్వుకుని ఒక చలికాలమంతా ఆ గోతుల్లో బతికారట. వాళ్ల పెట్టెలు ఒక గదిలో ఉన్నాయి. చెక్క మీద నీలం పువ్వులు, 1868 అన్న అంకె. ఒక పెట్టెలో ఇప్పటికీ అవిసె గింజల సంచీ ఉంది. తిండిగింజలకంటే ముందు అవి తెచ్చుకున్నారట, నార తీసి బట్ట నేసుకోవడానికి.

చివర్లో నేత ఇల్లు. లోపల అడుగు పెట్టగానే నాగమల్లేశ్వరి ఆగిపోయింది.

గదంతా మగ్గమే. మంగళగిరి మగ్గంలా గుంటలో దిగి కూర్చునేది కాదు, మనిషెత్తు చెక్క మంచంలా ఉంది. అయినా దాని నూనె వాసన అదే. పడుగు, అంటే మగ్గం మీద నిలువునా లాగి కట్టిన పోగులు, వెలుగులో ఎండిన గడ్డి రంగులో మెరుస్తున్నాయి. వాటి ముందు బల్ల మీద ఒక ముసలామె కూర్చుని, రెండు పోగుల కొసలు కలిపి ముడి వేస్తోంది. ఆమె పేరు గున్‌బోర్. ఎనభై రెండేళ్లు. చూపు దాదాపు పోయింది. ముడి పడిందా లేదా అని పెదవులతో తడిమి చూసుకుంటోంది.

ఊరు చూపించే మనిషి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ బట్టలోని ఆకుల నమూనా ఆమె అక్క సీగ్రిడ్ ఎక్కించింది. మగ్గంలో నాలుగు వరసలుగా వేలాడే దారపు కళ్లలో, సూదిలోకి ఎక్కించినట్టు, ఒక్కో పోగునూ ఒక్కో కంట్లోంచి దూర్చి, ఏ ఆకు ఎక్కడ రావాలో ఆ వరసతోనే మగ్గంలో పెట్టింది. కాగితం మీద ఎక్కడా రాయలేదు. ఆమె పోయి రెండేళ్లయింది. గున్‌బోర్‌కి నేయడానికి కళ్లు అక్కర్లేదు, చేతులు చాలు. ఎక్కించడానికి మాత్రం కళ్లు కావాలి. పాత పడుగు అయిపోయింది. కొత్త పడుగు కొసల్ని పాత కొసలకి అతికి ముందుకి లాగితే, అక్క పెట్టిన వరసలోనే కొత్త పోగులూ నడిచిపోతాయి. మొత్తం ఆరు వందల నలభై పోగులు. వేసవి మొదలు ఆమె వేసిన ముడులు నలభై ఒకటి. శనివారంతో నేత ఇల్లు చలికాలానికి మూసేస్తారు. అప్పటికి అతకడం పూర్తి కాకపోతే పాత పోగులు కోసేసి, మగ్గం విప్పి, గోడకి ఆనించి పెట్టాలని కమిటీ తీర్మానించింది.

గున్‌బోర్‌కి చెవులు బాగానే వినిపిస్తాయి. ముడి మీంచి తల ఎత్తకుండానే అంది: "శనివారం దాకా టైముందిగా. ఇంకా వేస్తాను."

నాగమల్లేశ్వరి చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుంది. శశికళ మోచేత్తో పొడిచింది.

"చెప్పవేందే? మీ ఇంట్ల గిదే పని గదా?"

"ఊరుకోవే. పద్నాలుగేళ్లయింది పోగు ముట్టుకుని."

"సైకిల్ తొక్కుడు మరుస్తరా? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

తొమ్మిదో ఏట నుంచీ అమ్మ పక్కన కూర్చుని ఇంటింటికీ వెళ్లి పడుగులు అతికిన సంగతి నాగమల్లేశ్వరి ఈ దేశంలో ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి సందర్భం రాలేదు. ఎక్కడా ఏ ఫారంలోనూ అడగలేదు. ఇప్పుడు రెండడుగులు ముందుకి వేసి, వచ్చిన ఇంగ్లీషులో అంది: "మేడమ్, ముడులు వద్దు. ముడి దారపు కంట్లో పట్టుకుంటుంది. నాకు మెలిపెట్టి అతకడం వచ్చు. చెయ్యనా?"

గున్‌బోర్ చెయ్యి చాచింది. నాగమల్లేశ్వరి చేతివేళ్లు పట్టుకుని, బొటనవేలి పక్క, చూపుడువేలి కొస తడిమింది. అక్కడి కాయ ఎప్పుడో అరిగిపోయింది. కొంచెం గరుకు మాత్రం మిగిలింది.

"కూర్చో" అని బల్ల మీద జరిగింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే నాగమల్లేశ్వరి రొట్టెల పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చుకుంది. వేళ్లకి బూడిద రాసుకుంది. ఎడమచేత్తో పాత కొస, కుడిచేత్తో కొత్త కొస. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క మెలి, వెనక్కి మడిచి ఇంకో మెలి. తర్వాత పోగు. మొదటి ఇరవై పోగులకి చేతులు తడబడ్డాయి. యాభై దాటాక వేళ్లు వాటంతటవే నడిచాయి. కిటికీలోంచి బిర్చి ఆకుల పచ్చటి వెలుగు పడుగు మీద కదులుతుంటే, నీళ్లలో చేతులు పెట్టి పని చేస్తున్నట్టుంది. సరస్సు మీద లూన్ పక్షి ఎక్కడో పిల్లనగ్రోవిలా అరిచి ఊరుకుంది. అమ్మ పక్కన ఉన్నట్టూ లేనట్టూ ఉంది.

గున్‌బోర్ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. చిన్నప్పుడు ఆ ఇంటి వెనకంతా అవిసె చేనేనట. జూలైలో పొద్దున్నే నీలం పువ్వులు పూస్తే సరస్సు గట్టెక్కి వచ్చినట్టుండేదట. మధ్యాహ్నానికి రేకులన్నీ రాలిపోయి, మళ్లీ పచ్చ చేనే. "నేను ఆలస్యంగా లేచేదాన్ని. అక్క వర్ణించి చెప్పేది. నేను చూసినట్టే అనుకునేదాన్ని."

మూడు గంటలకల్లా, గున్‌బోర్ వేసిన ముడులు విప్పి మెలిపెట్టినవాటితో కలిపి, ఆరు వందల నలభై పోగులూ అయిపోయాయి. ఆపిల్ పండ్లు కోసి తన పని అప్పగించేసిన శశికళ చూడటానికి వచ్చింది.

"గంతేనా? ఒక్క దినంల అయిపాయె! అమ్మమ్మ మూడు నెలల సంది చేస్తుంది."

నాగమల్లేశ్వరి నవ్వి, ముందువైపు నుంచి పడుగు పట్టుకుని మెల్లగా లాగింది. జానెడు కదిలింది. ఆ తర్వాత రేకు కప్పు మీద చినుకులు పడ్డట్టు టపటపా చప్పుడు. ఎడమవైపు అతుకులు వీడిపోతున్నాయి. వీడిన పాత కొసలు దారపు కళ్లలోంచి జారి కింద పడుతున్నాయి.

"శశీ! ఆ కర్ర పట్టుకో! లాగకు, ఊరికే పట్టుకో!"

రెండు అరచేతులతో పడుగును అదిమి పట్టుకుంది. చప్పుడు ఆగింది. 

"ఎన్ని?" అంది గున్‌బోర్.

లెక్కపెట్టడానికి కొంచెంసేపు పట్టింది. "ఇరవై మూడు. తప్పు నాది."

తప్పు ఏమిటో ఆమెకి అప్పుడే అర్థమయింది. మంగళగిరిలో నూలు పడుగు గంజి తాగి ఉంటుంది, బూడిద దాన్ని పట్టుకుంటుంది. ఇది నార. నున్నగా, బిరుసుగా ఉంటుంది. పొడి వేళ్లతో మెలిపెడితే ఊరుకున్నట్టే ఊరుకుని, లాగగానే విప్పుకుంటుంది. ఏ ఇంట్లో కొత్త నూలు ఇచ్చినా అమ్మ ముందు పది పోగులు అతికి లాగి చూసేది. ఆ పది పోగులు నాగమల్లేశ్వరి చూడలేదు. వేళ్లు వేగంగా నడుస్తున్నాయన్న సంబరంలో మరిచిపోయింది. ఇప్పుడు జారినవి ఇరవై మూడే అయినా, మిగతా అతుకులన్నీ అలాంటివే.

గున్‌బోర్ లేచింది. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి, చిన్న గిన్నెలో నీళ్లు పోసి గుప్పెడు అవిసె గింజలు వేసింది. కాసేపటికి గిన్నెలో చిక్కటి జిగురు తేలింది.

"మా అమ్మ మెలిపెట్టేది" అంది, గిన్నె అందిస్తూ. "దీంట్లో వేళ్లు ముంచి. నేను మరిచిపోయాను. నేను ముడులే నేర్చుకున్నాను."

నాగమల్లేశ్వరి వేలు ముంచి చూసింది. "గంజి" అంది తెలుగులోనే.

ఈసారి పది పోగులు తడిపి, మెలిపెట్టి, ఆరనిచ్చి లాగింది. కదల్లేదు. గట్టిగా లాగింది. కదల్లేదు.

సాయంత్రం అయిదింటికి నేత ఇల్లు మూసేలోపు ఆ ఇరవై మూడింటినీ మళ్లీ ఎక్కించాలి. ఖాళీ పడిన చోట ఎడమ ఆకు ఉంది. కుడివైపు ఆకు చెక్కుచెదరలేదు. అది ఎలా ఉంటే ఇదీ అలాగే, అద్దంలో చూసినట్టు. కుడివైపు ఒక్కో పోగు నాలుగింటిలో ఏ వరస కంట్లోంచి వచ్చిందో శశికళ చదువుతుంటే, నాగమల్లేశ్వరి ఎడమవైపు దూర్చింది.

"మూడోది. నాలుగోది. మల్ల మూడోది. తర్వాత... ఆగు, రెండోదా, ఒకటోదా? కండ్లు మసకేస్తున్నయ్ నాకు."

గున్‌బోర్ సన్నగా ఏదో పాడింది. "త్రే, ఫీరా, త్రే, త్వో, ఎత్..." అక్క పోగులు దూర్చేటప్పుడు స్వీడన్ భాషలో అంకెలు పాడుకునేదట. ఒక్క ఆకు పాటే ఆమెకి గుర్తుంది. శశికళ వేలితో తడిమి చూసింది. మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

"రెండోదే! అమ్మమ్మ కరెక్ట్!"

శనివారం ఎనిమిదింటికి తలుపు తీసేసరికి నాగమల్లేశ్వరి గుమ్మంలోనే ఉంది. సరస్సు కనిపించలేదు, అంతా తెల్లటి మంచు. పక్కన జిగురు గిన్నె పెట్టుకుని, నిన్నటి అతుకులు ఒక్కొక్కటే విప్పి, తడిపి, మళ్లీ మెలిపెట్టింది. గున్‌బోర్ పోగులు వేరుచేసి అందిస్తే, ఆమె అతికింది. వంద. రెండు వందలు. నిన్నటిలా వేళ్లని వదిలేయలేదు. ప్రతి ఇరవైకీ ఒకసారి ఆగి లాగి చూసుకుంది. పదింటికి మంచు విడిపోయి ఎండ వచ్చింది. ఆకులు రాలుతున్న నీడలు పడుగు మీద నుంచి జారిపోతున్నాయి. శశికళ ఏలకుల రొట్టె ముక్క తెచ్చి నోట్లో పెట్టింది.

"చేతులు ఖాళీ లేవు గదా, నములు. బస్సు పన్నెండింటికి. ప్రొఫెసర్ లోపలికొస్త అంటే వద్దన్న."

"ఎందుకు?"

"వస్తే మాట్లాడుతది."

పదకొండున్నరకి చివరి పోగు అయింది. జిగురు ఆరేదాకా ముగ్గురూ ఊరికే కూర్చున్నారు. తర్వాత నాగమల్లేశ్వరి ముందుకి వచ్చి, పడుగును అరచేతి వెడల్పున లాగింది. అతుకులు దారపు కళ్లలోంచి ఒక్కొక్కటే దాటాయి. దువ్వెనలాంటి చట్రం పళ్ల మధ్య కొంచెం ఆగి, బియ్యం చెరిగినట్టు చిన్న చప్పుడుతో ఇవతలికి వచ్చాయి. ఒక్కటీ వీడలేదు. మళ్లీ లాగింది. ఆరు వందల నలభై.

కొసలు కర్రకి కట్టి, బిగువు సరిచూసింది. పాదాల కింది తొక్కుడు చెక్కలు ఏ వరసలో నొక్కాలో గున్‌బోర్ చెప్తుంటే, అడ్డపోగు చుట్టిన నాడె విసిరి ఎనిమిది వరసలు నేసింది. ఎనిమిదో వరసకి ఆకు కొస కనిపించింది. ఎడమవైపూ, కుడివైపూ.

బయట బస్సు హారన్ కొట్టింది.

నాగమల్లేశ్వరి బల్ల మీద నుంచి లేచింది. గున్‌బోర్ చెయ్యి పట్టుకుని తను కూర్చున్న చోట కూర్చోబెట్టి, ఆకు కొస మీద ఆమె వేలు పెట్టింది. ఆ వేలు అటూ ఇటూ రెండుసార్లు నడిచి చూసింది. అప్పుడు నాగమల్లేశ్వరి నాడెను తుడిచి, ఆమె కుడి అరచేతిలో పెట్టింది.

"తొమ్మిదో వరస మీదేనండీ" అంది.