కింది అంచు

మా మామయ్య బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులు కడిగారు. డ్రైవర్లు ఆయన్ని అద్దాలాయన అనేవాళ్ళు. ముందద్దం ఈయన తుడిస్తే, అసలు అద్దం ఉందో లేదో చేత్తో తడిమి చూసుకునేవాళ్ళట. ఆ మాట చెప్పిందీ ఈయనే, సాక్షులు లేరు.

రిటైరయ్యాక ఆయన చేతులు ఊరుకోలేదు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేవారు. నా ఫోను కనబడితే దాన్నీ వదిలేవారు కాదు. అలాంటి మనిషి ఉన్న ఇంటి మీదకి ఆరు సోలార్ పలకలొచ్చాయి. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

నేను ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. కరెంటు ఎంత తయారవుతుందో చూద్దామని, చవగ్గా దొరికే అరచేతంత కంప్యూటర్ బోర్డు తెచ్చి సబ్బుపెట్టెలో బిగించాను. వంటింటి గుమ్మం పక్కన చిన్న తెర తగిలించాను. ఆ క్షణాన ఎన్ని వాట్లు వస్తున్నాయో చూపిస్తూ అందులో నిమిషానికోసారి అంకె మారుతుంది. పాత అంకెలన్నీ బోర్డులో దాగి ఉంటాయి.

మామయ్య రోజూ ఎనిమిదింటికి తెర చూసి, తడిగుడ్డతో నిచ్చెనెక్కేవారు. తొమ్మిదింటికి దిగి మళ్ళీ చూసేవారు. నాలుగొందలున్నది ఎనిమిదొందలయ్యేది.

"చూశావా అమ్మాయ్, రెట్టింపు!"

ఆ గంటలో పైకెక్కింది ఈయనొక్కరే కాదు, సూర్యుడు కూడా. నా కోడీ కుంపటీ లేకపోతే ఎలా తెల్లారుతుందనుకుందట వెనకటికొక ముసలమ్మ. నాకు నవ్వొచ్చేది. కానీ ఆ ముఖంలో వెలుగు చూసి నోరు మూసుకునేదాన్ని.

ఇంతలో ఆయన మోకాలు వాచింది. నిచ్చెన జోలికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. మర్నాడు మామయ్య తెర ముందు కుర్చీ వేసుకున్నారు. ఎనిమిదింటికి నాలుగొందలు. తొమ్మిదింటికి ఎనిమిదొందలు. ఎవరూ తుడవకుండానే.

"మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేంటమ్మా?"

 

ఆ రోజు నుంచి ఆయన దేన్నీ తుడవలేదు. పన్నెండు రోజులకు బల్ల మీద దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ము చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన తుడవని రోజున తెర మీద అంకె తగ్గి కనిపించేలా బోర్డుని మార్చేద్దాం, అబద్ధమైతే అయింది అనుకుని ఆదివారం పాత అంకెలు తెరిచాను. పొద్దుటి అంకెలు వదిలేసి మధ్యాహ్నం అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన తుడిచిన రోజుల్లో పన్నెండింటికి పదిహేనొందలు. ఇప్పుడు అదే ఎండకి పన్నెండొందల తొంభై. అబద్ధమాడే పని తప్పింది.

చూపిస్తే ఆయన నమ్మలేదు. "నన్ను ఊరడించడానికి చెప్తున్నావు."

"సరే, నేనెక్కి తుడుస్తాను. మీరు తెర చూడండి." అప్పటికి పన్నెండయింది, ఆకాశంలో మబ్బుతునక లేదు.

"కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోసేవు, పగులుతుంది! గుడ్డ పిండి తుడువు."

ఆరూ తుడిచి దిగాను. పదమూడొందల నలభై. నేను నీరుగారిపోయాను. ఆయన మాత్రం తెరకేసి కళ్ళు చిట్లించారు.

"కింది అంచు తుడిచావా?"

"అంతా తుడిచాను మామయ్యా."

"తుడవలేదు. నీళ్ళు జారి ఆగేది అక్కడే, మట్టి గట్టిపడిపోద్ది. వేలికి గుడ్డ చుట్టి గీకాలి. బస్సద్దమైనా అంతే."

మళ్ళీ ఎక్కాను. ప్రతి పలకకీ కింద వేలెడు వెడల్పున మట్టి చార ఉంది. ఇందాక కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానో! కూర్చుని గీకడం మొదలుపెట్టాను. వీపు కాలిపోతోంది. కాసేపటికి కింద నుంచి కేక వినబడింది.

"పద్నాలుగొందల ఇరవై! మూడు పలకలయ్యాయి కదా? నాలుగోది కానివ్వు!"

వెనక్కి తిరిగి చూసుకున్నాను. మూడే అయ్యాయి.