పెళ్ళి జాకెట్టు మీద తలో కుట్టు

ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటు ముందుగదిలో సోఫా లేదు. దాని చోట మగ్గం ఉంది. నాలుగు కర్రల చట్రం, దాని మీద బిగించి కట్టిన పట్టుగుడ్డ. ఇటువైపు నేను, అటువైపు బరేలీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన దీదీ. కొక్కెం సూదితో జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టడం మా పని. తెలిసిన తెలుగువాళ్ళ ఇంట్లో పెళ్ళి కుదిరితే పెళ్ళికూతురి జాకెట్టు మా గదికే వస్తుంది.

సాకేత్‌లో ఒక మాల్ వాళ్ళు స్థానిక చేతిపనుల వేడుక పెట్టారు. ‘మన నగరపు చేతులకు వందనం’ అని హిందీలో ఇంత పెద్ద బ్యానరు. వందనమట, వందనం! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిలవడానికి వచ్చిన నిర్వాహకుడు మర్యాదగానే మాట్లాడాడు. నమూనా గుడ్డ వద్దు మేడమ్, నిజంగా ఎవరో తొడుక్కోబోయే బట్ట మీద పని చూపిస్తేనే జనం నిలబడతారు అన్నాడు. అప్పుడు మగ్గం మీద పక్క సెక్టార్‌లో ఉండే, నేను అక్కా అని పిలిచే ఒకావిడ కూతురి పెళ్ళి జాకెట్టు ఉంది. పెళ్ళి ఆ వారంలోనే. ఒక్కరోజు కూడా పని ఆపే వీల్లేదు కాబట్టి, అదే తెస్తానన్నాను. మాటల్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఆనవాయితీ కూడా చెప్పాను. పెళ్ళి జాకెట్టు మగ్గం ఎక్కగానే పెళ్ళికూతురి తల్లి పసుపు దారంతో మొదటి కుట్టు వేస్తుంది. లోపలికి మడిచే అంచు మీద, ఎవరికీ కనపడని చోట. ఆయన “అరే వాహ్, క్యా బాత్ హై” అంటూ ఫోనులో రాసుకున్నాడు.

మేం నేల మీద కూర్చుని కుట్టేవాళ్ళం. మాల్‌లో మగ్గాన్ని ఎత్తు బల్ల మీదికి ఎక్కించారు, ఫొటోల్లో బాగా పడాలని. పొద్దుటినుంచీ నిలబడి కుట్టేసరికి నడుములు పడిపోయాయి. సర్లే, ఒక్కరోజే కదా అనుకున్నాం. మధ్యాహ్నం దీదీని మగ్గం దగ్గర ఉంచి నేను డబ్బా తీసుకుని అన్నం తినడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి మగ్గం ముందు వరస కట్టి ఉన్నారు జనం. నిర్వాహకుడు మైకు పట్టుకుని “ఆయియే, దుల్హన్ కే లియే ఏక్ టాంకా!” అని పిలుస్తున్నాడు. రండి, తలో కుట్టు వేసి పెళ్ళికూతురిని దీవించండి అని! వరసలో ముందున్న అమ్మాయి చేతిలో మా కొక్కెం సూది. ఆమె స్నేహితురాలు వీడియో తీస్తోంది. దీదీ రెండు చేతులూ పట్టు మీద అడ్డం పెట్టి “మత్ కరో బేటా, ఫట్ జాయేగా” అని, చిరిగిపోతుంది వద్దని బతిమాలుతోంది. ఆయన నవ్వుతూ ఆ చేతుల్ని పక్కకు తోశాడు. “అరే దీదీ, సెలబ్రేషన్ హై!”

సూది దిగింది. కొక్కెం పట్టు పోగును పట్టుకుంది. ఆ అమ్మాయి గట్టిగా లాగింది. వీపు మధ్యన, మేం కుట్టిన నెమలి పక్కనే, వేలెడు చీలిక పడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. “హాథ్ హటాఓ!” చెయ్యి తియ్యమని అరిచాను. ఆ తర్వాత హిందీ ఎక్కడికి పోయిందో, “నీ చెయ్యి పడిపోనూ! అది పెళ్ళి బట్టరా, నీ ఆటబొమ్మ కాదు!” అని మైకాయన మీదికి వెళ్ళాను. ఆయనకు తెలుగు రాదు, కోపం మాత్రం అర్థమైనట్టుంది. “చిన్నదే కదా మేడమ్, అడ్జస్ట్ కర్ లీజియే. ఆ ఆచారం మీరు చెప్పిందే కదా” అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తల్లి వేసే ఒక్క కుట్టును పట్టుకెళ్ళి తిరనాళ్ళ ఆట చేశాడు, పైగా తప్పు నాదేనట!

మగ్గం విప్పుకుని బయటపడ్డాం. మెట్రోలో దీదీ “మేరే హాథ్ హటా దియే” అంది. పట్టు చిరిగినందుకు కాదు, తన చేతులు తోసేసినందుకు ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది.

అది చీరతోపాటు నేసిన జాకెట్టు ముక్క. అలాంటిది మరొకటి దొరకదు. సాయంత్రం అక్క వస్తే దాచకుండా చూపించాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె చీలిక వైపు ఒక్కసారి చూసి, అంచు తిరగేసింది.

“నా కుట్టు ఉందా?”

ఉంది, పసుపు దారం అలాగే ఉంది. “ఉందక్కా” అన్నాను. “అయితే మిగతాది మీ ఇద్దరూ చూసుకోండి” అని దీదీ చెయ్యి పట్టుకుంది.

చీలిక కింద వేరే పట్టు అతికి, దాని మీద ముందు అనుకున్న పనిలో లేని రెండో నెమలిని కుట్టాం. పెళ్ళిలో అందరూ జంట నెమళ్ళు ముచ్చటగా ఉన్నాయన్నారు.

తర్వాత నిర్వాహకుడు ఫోను చేశాడు. గురుగ్రామ్‌లో ఇలాంటిదే ఇంకో వేడుకట. కుట్టు కార్యక్రమం జనానికి తెగ నచ్చిందట, మళ్ళీ ఒక పెళ్ళి జాకెట్టు తీసుకుని రావాలట.

“తప్పకుండా వస్తాను సార్” అన్నాను, ఆయనకు అర్థమయ్యేలా హిందీలోనే. “ఈసారి బట్ట మాత్రం మీరు తెండి. మీ ఇంటి ఆడపిల్ల పెళ్ళి బట్టే తెండి. వరసలో అందరికంటే ముందు నేను నిలబడతాను.”