స్లాబు కింద నిలబడే మనిషి

రూప్లా మేస్త్రీ పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ తండాకు ఎవరొచ్చినా ద్వాలి ముందు కూర్చుని, మా ఇల్లు కట్టింది మీ ఆయనే, అంత మంచి మేస్త్రీ మళ్లీ పుట్టడు అని పొగిడి పోతుంటారు. ద్వాలి వింటుంది, తలూపుతుంది. పోయినవాళ్లను పొగడటానికి ఎవరి సొమ్మేం పోయింది! ఆ మనిషితో కాపురం చేసింది వాళ్లు కాదు. ఆ అలసట ఆమెది.

పెనుబల్లి దాటాక అడవి మొదలయ్యే చోట వాళ్ల తండా. పెళ్లయిన కొత్తలో రూప్లా ఇసుక తట్టలు మోసే కూలీ. సీతయ్య అనే పెద్ద మేస్త్రీ ఆయన పనితనం చూసి తాపీ చేతికిచ్చాడు. డెబ్బైల చివరికొచ్చేసరికి తల్లాడ దాకా స్లాబు ఇల్లంటే రూప్లానే పిలిచేవారు. పొద్దున్నే అంబలి తాగి సైకిలెక్కితే మళ్లీ మసకచీకటికే ఇంటికి రావడం. వచ్చాక కూడా ఊరికే కూర్చునే మనిషి కాదు. ద్వాలి రొట్టెలు చేస్తుంటే కూతురు చాందికి తన ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేవాడు. సిమెంటు తిన్న వేళ్లకు వెంట్రుకలు చిక్కుకుని పిల్ల ఏడ్చేది. అయినా నాయనే వెయ్యాలనేది. తండా ఆడవాళ్లు చూసి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, ఆయనకేం పట్టదు.

ఒక్క పాడు అలవాటు మాత్రం సీతయ్య దగ్గర అంటించుకున్నాడు. స్లాబు పోశాక అది గట్టిపడేదాకా కింద ఆసరాగా కర్రలు, చెక్కలు పెట్టి ఉంచుతారు. దాన్నే సెంట్రింగ్ అంటారు. ఆ కర్రలు తీసేసే రోజున మేస్త్రీ సరిగ్గా స్లాబు కింద, ఇంటి నడిమధ్యన నిలబడాలట. కూలీలు ఒక్కో కర్రా కొట్టేస్తుంటే రూప్లా చేతులు కట్టుకుని పైకి చూస్తూ నిలబడేవాడు. ఇంటివాళ్లకు అదెంత ముచ్చటో! ద్వాలికి మాత్రం ఆ రోజు ముద్ద దిగేది కాదు. ఆయన ఇంటికొచ్చేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది.

"ఎవరన్న చెప్పిన్రా నీకు గట్ల నిలబడుమని?" అని కొట్లాడేది.

"కింద పండుకునేటోళ్లకు పిల్లలున్నరు గద ద్వాలీ. పడితే ముందు నా మీదనే పడాలె."

"మరి నీకు లేదా పిల్ల?"

దానికి ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

చాంది బడికి పోయే ఈడుకొచ్చిన ఏడు, ఖమ్మం అవతల ఎక్కడో సెంట్రింగ్ తీస్తుండగా స్లాబు కూలి ఒక మేస్త్రీ చచ్చిపోయాడని కబురొచ్చింది. ఆ మేస్త్రీ ఎవరో ద్వాలికి తెలియదు. అయినా ఆ సాయంత్రం రూప్లా సైకిలు దిగగానే, కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా ఆయన చెయ్యి పట్టుకుని చాంది నెత్తిన పెట్టింది.

"ఇంక స్లాబు కింద నిలబడనని ఒట్టెయ్యి."

రూప్లా పిల్ల ముఖం చూశాడు. ఒట్టేశాడు.

గెలిచాననుకుని ద్వాలి ఆ పూట కోడిని కోసింది. ఏం గెలిచిందో మర్నాడు తెలిసింది. పెనుబల్లి ఆసామి స్లాబు పనికి కబురు పెడితే, రూప్లా రానని చెప్పి పంపేశాడు.

"నిలబడొద్దన్న గని, పని ఒద్దన్ననా?" అంది ద్వాలి.

"నేను నిలబడని స్లాబు కింద వేరేటోళ్లను ఎట్ల పండుకోమంట?"

అంతే, మళ్లీ స్లాబు జోలికి పోలేదు. అడవి లోపలి గూడేల్లో మట్టిగోడలు పెట్టడం, పెంకులు కప్పడం మొదలుపెట్టాడు. సైకిలు పోని దారులు. కూలి కింద సగం జొన్నలే ఇచ్చేవారు. ఏటా వానాకాలం చలిజ్వరం. నలభై దాటకుండానే నడుము వంగిపోయింది. అయినా చాంది చదువు ఆగలేదు, ఇంటికొచ్చేటప్పుడు తువ్వాల్లో తునికిపండ్లు మూటగట్టుకు రావడమూ మానలేదు. ఒట్టు గురించి ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండుననిపించేది ద్వాలికి. ఆయన కాళ్లకు ఆముదం రాస్తూ, ఈ మనిషిని నేనే ఇలా చేశానా అని లోలోపల కుమిలిపోయేది. కళ్ల ముందే ఉన్నాడు కదా, అది చాలదా అని మళ్లీ తనే సర్దుకునేది.

తొంభైల్లో తండాకు సర్కారు కాలనీ ఇళ్లు వచ్చాయి. రూప్లా దగ్గర పని నేర్చుకుని మేస్త్రీ అయిన హరిలాల్, ద్వాలి వాళ్ల ఇంటికి స్లాబు పోశాడు. సెంట్రింగ్ తీసే రోజున నర్సు ట్రైనింగు నుంచి చాంది కూడా వచ్చింది.

"మామా, ఇది మన ఇల్లు. నువ్వు నిలబడుతవా, నన్ను నిలబడుమంటవా?" అని అడిగాడు హరిలాల్.

ఈ మాట కోసమే కాచుకున్నట్టు ద్వాలి అందరి ముందూ అనేసింది. "నా ఒట్టు నేను వాపసు తీసుకుంటున్న. పో, నీ ఇంట్ల నువ్వు నిలబడు."

రూప్లా కదల్లేదు.

"ఒట్టు సంగతి కాదు ద్వాలీ," అన్నాడు మెల్లగా. "నాకిప్పుడు భయమైతాంది."

హరిలాలే లోపలికి వెళ్లాడు. మొదటి కర్ర పడిన చప్పుడుకు రూప్లా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ మొరటు వేళ్లు గజగజ వణుకుతున్నాయి. ఆ వణుకు ద్వాలి ఎరగనిదా! అన్నేళ్లు గుడిసెలో ఒంటరిగా కూర్చుని తాను వణికిన వణుకే అది. తన భయం ఆయనకు అంటగట్టి, ఆయన ధైర్యాన్ని తానే ఊడబెరికానని ఆమెకు ఏడుపొచ్చింది.

కర్రలన్నీ పడ్డాయి. స్లాబు చెక్కుచెదరలేదు. హరిలాల్ నవ్వుతూ బయటికొచ్చాడు, తండా అంతా లోపలికి పోయి గోడలు తడిమి చూసుకుంది. వాకిట్లో ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయిన రూప్లాను లేపి గడప దాటించడానికి ద్వాలికి పొద్దుగూకేదాకా పట్టింది.